బోధను దారిలో దీపాలు

నిజామాబాదు నుండి బోధనుకు పాతిక కిలోమీటర్ల పైచిలుకు దారి. జానకంపేట, ఎడపల్లి, శక్కర్‌నగరుల మీదుగా పగటిపూట వెళ్ళేవారికి అందులో చెప్పుకోదగిన కష్టమేదీ కనిపించదు. మా అక్కయ్య ఊరు బోధను దాటి, మంజీర వైపు మరికొంత లోపలికి ఉంది. ఆమెకు వారానికి రెండుసార్లు నిజామాబాదులో డయాలసిస్. దొరికినది సాయంత్రపు విడత. అది ముగిసి, ఆమె లేచి నిలదొక్కుకొని కారెక్కేసరికి తొమ్మిది దాటుతుంది. ఆ రాత్రికి మా ఇంట ఉండిపొమ్మంటే, తన మంచం మీద గాని నిద్ర పట్టదంటుంది. కాబట్టి ఆమెను ఇల్లు చేర్చి నేనొక్కడినే తిరిగి వస్తాను. ఏడాదిన్నరగా ఇదే వరుస. రాత్రి ప్రయాణాలు మానుకొమ్మని పిల్లలు ఫోనులో చెబుతూనే ఉన్నారు. ఆమెను తీసుకువెళ్ళేది మరెవరో మాత్రం చెప్పరు.

వరి కోతల కాలంలో ఈ ప్రాంతపు రోడ్డులో సగం కళ్ళమే. ధాన్యపు కుప్పపై నల్లని టార్పాలిను కప్పి, చుట్టూ రాళ్ళు పేరుస్తారు. నల్లని తారు మీద నల్లని కుప్ప, నల్లని రాయి! చెఱకు కాలమైతే ట్రాక్టరు ట్రాలీ వెనుక దీపమున్నా, వ్రేలాడే గడలు దానిని కప్పివేస్తాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 17 మీటర్లు. కన్ను చూచి కాలు బ్రేకు మీదికి పోవడానికి ఒక సెకను, ఆపై కారు ఆగడానికి మరి 20 మీటర్లకు పైమాట. డిప్‌లో ఉన్న దీపం నల్లని వస్తువును చూపగలిగే దూరం అంతకంటే ఎక్కువేమీ ఉండదు. నా దీపాలు అంతమాత్రం కూడా చూపడం లేదని పోయిన కార్తీకంలో రూఢి అయింది. అక్కయ్య ముందుసీటులో తల వాల్చుకొనే అడిగింది: "తమ్మీ, నీకు తొవ్వ కనవడుతున్నదా?"

మరునాడే బజారుకు వెళ్ళాను. దుకాణదారు "రాత్రిని పగలు చేసి ఇస్తా సార్" అని ఎల్.ఇ.డి. బల్బుల పెట్టె తెరిచాడు. అది వద్దంటే 100/90 వాట్ల హాలోజెన్ చూపాడు. నా కారు 2014 నాటి ఆల్టో. కర్మాగారంలో పెట్టినది 60/55 వాట్ల హెచ్4 బల్బు. 60 వాట్లకు 5 ఆంపియర్ల విద్యుత్తు చాలు. 100 వాట్లకు 8 దాటుతుంది. ఆ సన్నని తీగలు, ఆ స్విచ్చి ఇంత భారాన్ని మోయడానికి చేసినవి కావు. ఇక ఎల్.ఇ.డి. సంగతి. బల్బు వెనుకనున్న రిఫ్లెక్టరును హాలోజెన్ తీగచుట్ట ఉండే చోటును బట్టి లెక్కించి మలుస్తారు. అక్కడ వేరే ఆకారపు దీపం పెడితే వెలుతురు చెదిరి, దారి మీద పడవలసినది ఎదుటివాని కంట్లో పడుతుంది.

ఇక్కడ నా పాత వృత్తి అడ్డుపడుతున్నది, మన్నించండి. మన పద్యాలలో మిరుమిట్లు దాదాపు ఎల్లప్పుడూ శోభకే గదా! కిరీటపు మణులైనా, కారుమబ్బులో మెఱుపైనా, కొలువుకూటపు స్తంభాలైనా మిరుమిట్లు గొలిపితేనే కవికి తృప్తి. బోధను దారిలో ఎదురువచ్చే మోటారుసైకిలు మిరుమిట్లు గొలిపినప్పుడు మాత్రం మూడు నాలుగు సెకనుల పాటు నేను గ్రుడ్డివాడను. అరవై దాటిన కంటిపాప చీకటిలో పూర్తిగా విప్పారదు. ఇరవైయేండ్ల కంటిలోకి చేరే వెలుతురులో దాదాపు మూడోవంతే మా కంటిలోకి చేరుతుందని వైద్యుల మాట. ఎడమకంట శుక్లం మొదలైందని మా కంటి వైద్యుడు చెప్పినందున నాకు మరికాస్త తక్కువే.

దుకాణం వదిలి కార్ల ఎలక్ట్రీషియను దగ్గరికి వెళ్ళాను. ఆయన ఏదీ అమ్మజూపలేదు. ఇంజను నడిపించి మీటరు పెట్టాడు. బ్యాటరీ దగ్గర 13.6 వోల్టులు, దీపం దగ్గర 12.1. "సార్, బల్బుకు బీమారి లేదు. దానికి తిండి సరిగ పోతలేదు" అన్నాడు. నా ముప్ఫైయేండ్ల బోధనలో ఇంత చక్కని రూపకం చెప్పిన విద్యార్థి లేడు! హాలోజెన్ వెలుతురు వోల్టేజీకంటే ఎంతో వేగంగా పడిపోతుంది. పదకొండు శాతం వోల్టేజీ తగ్గితే వెలుతురులో మూడోవంతు పోయినట్లే. ఆయన రెండు రిలేలు, లావు తీగలు, బ్యాటరీ ప్రక్కన ఫ్యూజు అమర్చాడు. ఇప్పుడు స్విచ్చి ఆజ్ఞ ఇస్తుంది, మోత తీగలు మోస్తాయి. బల్బులు అవే. ఎండకు పసుపెక్కిన ప్లాస్టిక్ అద్దాలను నీటి ఎమిరీ కాగితంతో రుద్ది, పాలిషు పట్టి, పైన పూత పూశాడు. మొత్తం ఖర్చు ఆ ఎల్.ఇ.డి. పెట్టె ధరకు సగమైనా కాలేదు.

దీపాల గురిని మాత్రం నేనే చూసుకున్నాను. సమతలమైన చోట గోడకు 10 మీటర్ల దూరంలో కారు నిలపాలి. దీపం మధ్యభాగం నేలనుండి ఎంత ఎత్తుందో గోడపై అంత ఎత్తున గీత గీయాలి (సుద్దముక్క నా జేబులో ఇప్పటికీ ఉంటుంది). డిప్ వెలుతురు పై అంచు ఆ గీతకు 10 సెంటీమీటర్లు దిగువన పడాలి. ఎడమ కొసన అంచు కాస్త పైకి లేస్తుంది. అది దోషం కాదు, రోడ్డు ప్రక్కన నడిచే మనిషిని చూపడానికే. డిక్కీలో బియ్యపు బస్తా వేసుకుంటే కారు వెనుక క్రుంగి దీపాలు పైకెత్తుతాయి. అక్కయ్య ఇంటినుండి వచ్చేటప్పుడు బస్తా తప్పదు, కాబట్టి బస్తాతోనే గురి సరిచూశాను.

ఇంత చేసినా గడల మాటున దాగిన ట్రాలీ దాగియే ఉన్నది. నా చిన్నతనంలో బోధను చక్కెర కర్మాగారానికి రాత్రంతా ఎడ్లబండ్లు బారులు తీరి వెళ్ళేవి. నిజాం కాలంలో, 1930ల చివర మొదలైన ఆ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. తరువాత ఇక్కడి చెఱకు కామారెడ్డి వైపు మిల్లుల దారి పట్టింది. ఆనాటి ప్రతి బండికీ ఇరుసు క్రింద ఒక కందీలు వ్రేలాడేది. ఎడ్లకు దారి చూపడానికి కాదది; వాటికి దారి కంఠస్థమే. వెనుక వచ్చేవానికి "ఇక్కడ నేనున్నాను" అని చెప్పడానికి. ట్రాక్టరు వచ్చిన తరువాత ఆ మాట చెప్పేవారు లేకపోయారు.

అందుకని ఎఱ్ఱని రేడియం పట్టీ ఒక చుట్ట కొన్నాను. అందులో క్యూరీ దొరసాని కనుగొన్న రేడియం ఏమీ లేదు. పడిన వెలుతురును వచ్చిన దిక్కుకే త్రిప్పి పంపే సన్నని గాజుపూసలు ఉంటాయి, అంతే. అక్కయ్య పొరుగింటివారి ట్రాలీకి గడలు కప్పని చోట్లు వెదకి, వెనుక అడుగుపట్టీకీ ప్రక్క పలకలకూ అంటించాను. ఆ రాత్రి నూరు మీటర్ల దూరంనుండే మెఱిసింది. ధాన్యపు కుప్పలకు అంటించే వీలు లేదు గనుక, మూడు ఖాళీ నూనె డబ్బాలకు పట్టీ చుట్టి ముగ్గురు రైతులకు ఇచ్చాను. రెండు కుప్పల ముందు డబ్బాలు నిలిచాయి. మూడవ డబ్బాతో ఆ ఇంటివారు బర్రెలకు దాణా కొలుస్తున్నారు.