ఖాళీ గడి

పెళ్లికి వచ్చినవాళ్లను పలకరించడానికి ఎవరైనా చాలు. రానివాళ్లెవరో చెప్పడానికి మాత్రం ఇంట్లో ఒక పెద్దావిడ ఉండాలి. శుభలేఖల జాబితా, చదివింపుల పుస్తకం పక్కపక్కన పెట్టుకుని, "గుంటూరు వదినగారి తరపున ఎవరూ రాలేదేమిటర్రా?" అని ఇట్టే పట్టేస్తుంది. కంప్యూటరుకీ ఈ పని అప్పగించవచ్చు. కాని దాన్ని అడిగే తీరుంది.

పేదపిల్లలకు హాస్టలు ఫీజు కట్టే సంఘమొకటి మా ఊళ్లో ఉంది. సాయంకాలాలు వెళ్లి లెక్కలు చూస్తూంటాను. పిల్లలదొక పట్టిక, చెల్లింపులదొకటి. రెంటికీ ముడి పిల్లల నెంబరు. డబ్బు అందనివాళ్లెవరని అడిగే ప్రశ్నను కార్యదర్శిగారి మేనల్లుడు రాసిపెట్టి బెంగుళూరు వెళ్లిపోయాడు. నొక్కితే, ఒక్కరూ లేరని జవాబు! కార్యదర్శిగారు పొంగిపోయారు. మర్నాడే ఒక తండ్రి వచ్చి, "ఫీజు రాలేదని అమ్మాయిని పరీక్షకు కూచోనివ్వం అంటున్నారండీ" అన్నాడు.

వెతగ్గా వెతగ్గా, చెల్లింపుల్లో ఒకచోట సొమ్ముంది గాని నెంబరు లేదు. గడి ఖాళీ. మేనల్లుడి ప్రశ్న 'నాట్ ఇన్' పద్ధతిది: ఈ నెంబరు ఆ నెంబర్లలో లేదు కదా, అని. ఖాళీ అంటే మనకు ఏమీ లేదని. యంత్రానికి 'తెలియదు' అని. 1970లో ఈ పట్టికల విధానానికి పునాది వేసిన ఐ.బి.ఎం. ఉద్యోగి కాడ్ మహాశయుడు, నిజం, అబద్ధం కాక ఈ మూడో జవాబూ ఉండాలని తరవాత వాదించాడు. సరే. పద్నాలుగో నెంబరు అమ్మాయి ఆ ఖాళీలో ఉందేమో? తెలియదు. పదిహేనో నెంబరు అబ్బాయి? అదీ తెలియదు. లేదని నిశ్చయంగా తేలితే గాని పేరు చూపదు కనుక, ఒక్క ఖాళీ గడికోసం జాబితా మొత్తం మింగి కూచుంది. తెలియదని పైకి అనదు కూడా! అలాంటి గుమాస్తాల్ని నేను చాలామందిని చూశాను.

ప్రశ్నను 'నాట్ ఎగ్జిస్ట్స్'గా మార్చాను: ఈ నెంబరుతో ఈ ఏడు ఒక్క చెల్లింపూ కనిపించకపోతే పేరు చూపు, అని. ఆ 'ఈ ఏడు' మరిస్తే నిరుడు అందినవాళ్లంతా ఈ ఏడూ అందినవాళ్లే అయిపోతారు. ఈసారి ముప్ఫై ఒక్క పేర్లు వచ్చాయి. అందులో పందొమ్మిదిమందికి రసీదులున్నాయి! ఒక పట్టికలో '7', రెండోదాన్లో '07'. అంకెల్ని అక్షరాలుగా ఎక్కించారు మరి. అవి దిద్దితే పన్నెండుమంది మిగిలారు. బ్యాంకు కాగితాలు తిరగేస్తే ఖాళీ గడిలోని సొమ్ము వాళ్లలో ఒకరిదని తేలింది. తక్కిన పదకొండుగురి చెక్కులమీదా కార్యదర్శిగారు ఆ సాయంత్రమే సంతకాలు చేశారు.

మేనల్లుడికి ఫోను చేస్తే, "నేను రాసిన నాటికి ఖాళీ గడి లేదు మావయ్యా" అన్నాడట. కావచ్చు. నెంబరు లేకుండా పద్దు ఎక్కకుండా పట్టికకు ఇప్పుడు తాళం వేయించాను.