కుక్కపిల్లని కొట్టకండి

మనం గుమ్మంలోకి రాగానే కుక్కపిల్ల చెవులు వెనక్కి వాల్చి, వెల్లకిలా పడి నేల తడిపేస్తే చాలామంది ‘పొగరు’ అని కొడుతున్నారు. అది పొగరు కాదు. ‘నువ్వే పెద్ద, నన్నేం చెయ్యకు’ అని వేడుకోవడం. తోక ఊపుతూ, గెంతుతూ పోసేదేమో పట్టలేని సంతోషం. పసిది కదా, ఆపుకునే శక్తి ఇంకా రాలేదు. రెండూ కావాలని చేసేవి కావు. తిడితే భయం పెరిగి ఇంకా పోస్తుంది.

మా కుక్కపిల్ల పండుగాడి మీదకి నాన్న వంగి తల నిమరబోతే చాలు, చతికిలబడి తడిపేసేవాడు. అదే ఆయన పక్కకి తిరిగి కింద కూర్చుంటే, తనే వచ్చి చెయ్యి వాసన చూసేవాడు.

అందుకే ఇంట్లోకి రాగానే పలకరించకండి, అది కుదుటపడనివ్వండి. కళ్లలోకి గుచ్చి చూడకండి. తల మీద కాకుండా గడ్డం కింద, ఛాతీ మీద నిమరండి. ఇంటికొచ్చే చుట్టాలకీ ఇదే చెప్పండి. తడిసిన చోటు ఏమీ అనకుండా తుడిచేయండి.

ఏడాది నిండేసరికి చాలా కుక్కపిల్లల్లో ఇలా తడపడం తగ్గిపోతుంది. నిద్రలో కారుతున్నా, మాటిమాటికీ పోస్తున్నా పశువుల డాక్టర్‌కి చూపించండి. అంతేగానీ, దయచేసి చెయ్యి ఎత్తకండి.