అవ్వ గొంతు, రెండు సీడీలు

మన సంఘం పత్రిక చదివేవారిలో చాలామంది ఇళ్ళల్లో తెలుగు నోటనే గానీ రాతలో ఉండదు. కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ వైపు మావాళ్ళు తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో తమిళం చదువుకున్నవాళ్ళే. కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారి ఇంటి భాష తెలుగే. మనవాళ్ళు దక్షిణానికి వలస వచ్చిన వైనాన్ని ఆయన 1976లో 'గోపల్ల గ్రామం' నవలగా రాశారు, తమిళంలో. నేను సైతం ఓనమాలు దిద్దింది ముప్ఫయ్యో ఏట, చెన్నైలో ఉద్యోగంలో చేరాక. ఇక మా అవ్వ తెలుగును పట్టి ఉంచాలంటే ఆమె గొంతును పట్టడమొకటే దారి.

2004లో అమెరికా నుంచి సెలవుల్లో వచ్చిన మా అన్న ఆ పని చేశాడు. కోవిల్‌పట్టి ఇంటి వెనక వేపచెట్టు కింద అవ్వను కూర్చోబెట్టి, పెళ్ళిపాటలు పాడించాడు, పాత సంగతులు చెప్పించాడు. తిరిగి వెళ్ళాక అదంతా ఒక డీవీడీ మీదకెక్కించి పంపాడు. గంటా యాభై నిమిషాలు. వచ్చింది బాగానే ఉంది, చూసేదెలా? అప్పటికి మా బంధువుల ఇళ్ళల్లో ఉన్నవి వీసీడీ ప్లేయర్లే.

డీవీడీలో 4.7 జీబీ పడుతుంది, రాసుకునే సీడీలో 700 ఎంబీ. ఆరింతలకు పైగా ఉన్నదాన్ని కుదించాలి. విరుదునగర్‌లో కంప్యూటర్ సెంటరు నడిపే స్నేహితుడి దగ్గరికి బస్సెక్కి వెళ్ళాను. రాత్రి షట్టరు దించాక కంప్యూటర్ మా చేతికొచ్చేది. పని మొదలుపెట్టి పడుకుంటే తెల్లారేసరికి అయ్యేది, మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికి.

ఈ కుదింపు ఎలా జరుగుతుందో అప్పుడే తెలుసుకున్నాను. వెనక మన పెద్దలు కార్డు ముక్క మీద ఉత్తరం రాసేవారు చూడండి, "ఇక్కడ అందరం క్షేమం, తక్కినదంతా మామూలే" అని, కొత్త సంగతులు మాత్రమే విప్పి చెప్పేవారు. ఇదీ అంతే. ఒక బొమ్మను పూర్తిగా రాస్తుంది, తర్వాతి బొమ్మల్లో మారినంత మేరకే రాస్తుంది. కదలకుండా కూర్చున్న అవ్వకు పెద్దగా చోటు అక్కర్లేదు. చోటంతా తినేసింది ఆమె వెనకున్న వేపాకులు! గాలి వీచినప్పుడల్లా ప్రతి ఆకూ కొత్త సంగతే. వీసీడీలో బొమ్మకు సెకనుకు 1150 కిలోబిట్లని 1993లోనే నిర్ణయించేశారు, అంతకు మించి ఇవ్వడానికి లేదు. అందుకని గాలి విసురుగా వచ్చినప్పుడు ఆకులతో పాటు అవ్వ ముఖం కూడా గళ్ళు గళ్ళుగా అయిపోయేది.

బొమ్మ కొలత కూడా తగ్గింది. అమెరికా కెమెరా కనుక డీవీడీలో 720 అడ్డం, 480 నిలువు చుక్కలు. వీసీడీలో 352, 240. లెక్కేస్తే నాలుగో వంతు! గొంతుకు మాత్రం 224 కిలోబిట్లు విడిగా కేటాయించి ఉన్నాయి. మాటకు, పాటకు అది ధారాళంగా చాలు. సంకోచిస్తూనే ఈ సంగతి అవ్వకు చెప్పాను. "బొమ్మ ఎట్లుంటే ఏమిరా, మాట ఇనపడతాదా?" అంది.

అసలు తగువు నిడివి దగ్గర వచ్చింది. ఒక వీసీడీలో పట్టేది 80 నిమిషాలు. (ఇందులో ఒక తమాషా ఉంది. 700 ఎంబీ సీడీలోనే వీసీడీ పద్ధతిలో రాస్తే 800 ఎంబీ దాకా పడుతుంది. మామూలు ఫైళ్ళకు తోడుగా రాసే తప్పుల దిద్దుబాటును ఇక్కడ చాలావరకు వదిలేస్తారు. గీతలు పడితే వీసీడీ అంత తొందరగా ఆగిపోవడానికి అదొక కారణం.) "పాటలు ఉంచి ఆ పాత కబుర్లు తీసెయ్, ఒక్క సీడీతో పోతుంది" అని ఫోన్లో మా అన్న. పెళ్ళిళ్ళలో పంచడానికి అదే వీలని విరుదునగర్ అత్త కూడా అంది. నాకు మనసొప్పలేదు. పాటలు ఇంకో నలుగురు ముసలమ్మలకూ వచ్చు. వానల్లేని ఏడు ఏం తిన్నారో, ఏ పొలం ఎందుకు అమ్మారో చెప్పగలిగింది మా అవ్వ ఒక్కతే. ఒక్క మాటా కత్తిరించకుండా రెండు సీడీలు చేశాను. ఏడిళ్ళకు పద్నాలుగు.

2009లో అవ్వ పోయింది. కొన్నేళ్ళకు చూస్తే డీవీడీ ఆడలేదు. అసలు టేపు మీద అన్న ఇంకేదో వేడుక తీసేశాడట. ఇంట్లో రాసుకున్న డిస్కుల్లో సమాచారం ఉండేది ఒక రంగు పొరలో, ఎండా వేడీ తగిలితే అది చెడుతుంది. మా కరిసల్ నేల ఎండలు మీకు తెలియనివా! పద్నాలుగింటిలో చాలావరకు పనికిరాకుండా పోయాయి. అత్త బీరువాలో దుప్పట్ల మధ్యనున్న జత మాత్రం బాగుంది. వాటిలోని డాట్ ఫైళ్ళను ఉన్నవి ఉన్నట్టు కంప్యూటర్లోకి ఎత్తాను. మీ ఇళ్ళల్లో ఇలాంటివి ఉంటే వెంటనే ఎత్తి పెట్టుకోండి. కొత్త పద్ధతిలోకి మారుస్తామని ఎవరైనా అంటే, మొదట అసలు ఫైలు ఒకటి భద్రం చేసుకోండి. మళ్ళీ కుదించిన ప్రతిసారీ ఇంకొంత పోతుంది.

పోయిన నెల అన్న కూతురు అమెరికా నుంచి ఫోన్ చేసింది. అవ్వ మాటలు విని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటోందట. "చిన్నాయనా, గాదె అంటే ఏమిటి?" అని అడిగింది. ధాన్యం పోసి దాచేదని చెప్పాను. ఆ మాట ఉన్నది రెండో సీడీలో, వాళ్ళ నాయన తీసెయ్యమన్న చోట.