తెల్లగుగ్గిలం మాను మన మండపం వాకిట్లో బతకదు



కోయంబత్తూరులో మన కల్యాణమండపం చుట్టూ తెల్లగుగ్గిలం మొక్కలు నాటాలని గ్రూపులో కొందరు రాసినారు. ఆశ మంచిదే. అయినా మేము ఒప్పుకోము. ఎందుకో చెప్తాము.

శుక్రవారం నిప్పుల మీద సాంబ్రాణితో కలిపి వేస్తామే, తమిళంలో వెళ్ళైక్కుంగిలియం అంటారే, ఆ బంక ఈ మానుదే. (అంగడిలో గుగ్గిలమని అమ్మేదంతా దీనిది కాదు. ఉత్తరాది సాలవృక్షం బంకకూ అదే పేరు.) కర్ణాటక, కేరళ, తమిళనాడు పడమటి కనుమల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా ఇది తనంతట తాను మొలవదు. బెరడు మీద గాటు పెడితే బంక కారుతుంది. గాట్లు లోతుగా, మళ్ళీ మళ్ళీ పడితే మాను చీకుతుంది. గింజల్లో కొవ్వు ఉంది. కొవ్వొత్తులకు, సబ్బుకు దాన్నీ ఏరుకొని పోయినారు. గూడ్స్ ఆఫీసులో మేము లెక్క రాసిన టీ పెట్టెలు ప్లైవుడ్డువి. అట్లాంటి పెట్టెలకు ఈ మానును తెగ కొట్టినారు. టీ తోట కోసం అడవి పోయె, ఆ టీ నింపే పెట్టె కోసం మిగిలిన మాను పోయె!

దీని గింజను వడ్ల మాదిరి ఎండబెట్టి దాచలేము. ఎండితే చచ్చిపోతుంది. నైరుతి వానకు రాలి, తల్లిమాను కిందనే, తడి ఆకుల నడుమ వెంటనే మొలవాల. గింజ బరువైనది, గాలికి దూరం పోదు. తల్లిమాను, నీడ, తడి మూడూ ఒకే చోట ఉండాల. మంగళూరు పక్క రోడ్ల వెంట దీన్ని వరసగా పెంచినారు, నిజమే. ఆడ కురిసే వాన వేరు. మన కోయంబత్తూరు కనుమల వాననీడలో ఉంది. బోరునీళ్ళు పోసి ఎన్నాళ్ళు కాపాడతాము?

ఆళియారు నుంచి 40 మలుపులు ఎక్కితే వాల్పారై. టీ తోటల నడుమ అడవి తునకలు తునకలుగా మిగిలింది. నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ వాళ్ళు ఆడ నారుమడి పెట్టి, ఆ అడవి మొక్కలనే పెంచి, తోటల వాళ్ళ ఒప్పుదలతో ఆ తునకల్లో నాటుతున్నారు. పడమటి కనుమలకు యునెస్కో 2012లో ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది. పేరు వచ్చింది, నాటే పని మాత్రం చేతులతోనే జరగాల.

కాబట్టి మండపానికి వేప, కానుగ, ఇప్ప చాలు. మిగిలే డబ్బు అట్లాంటి నారుమడికి పంపిస్తామా? ఆదివారం మీటింగులో మా చెయ్యి దానికే లేస్తుంది. మొక్కలకు ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే ట్రెజరరు తమ్ముడు ముందుగానే చెప్పాల.