బొంగరం, గొట్టం, రేకుడబ్బీ

ముప్ఫై ఆరేళ్లు పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి పదవీవిరమణ చేసిన తెలుగు పండితుడు, అరవై అయిదో ఏట పదిహేడేళ్ల పిల్ల ముందు విద్యార్థిగా కూర్చోవలసి వస్తే ఎలా ఉంటుందో నిరుటి వేసవిలో నాకు అనుభవమయింది. విషయం వ్యాకరణం కాదు, విమానం. విజ్ఞానశాస్త్రం చదివిన మిత్రులు ఈ టపాలో నా భాషను మన్నించగలరు.

మా అమ్మాయి కుటుంబం టెక్సస్‌లో డల్లాస్ దాపున ఉంటుంది. దాని కూతురు ఊరిబయటి చిన్న విమానాశ్రయంలో ప్రైవేటు పైలట్ లైసెన్సు కోసం శిక్షణ పొందుతున్నది. మేము వెళ్లిన రెండో రోజునే మా అమ్మాయి నన్ను వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి, "నాన్నా, అది నా మాట వినదు. మీరంటే దానికి గురి. కాలేజీ చదువు పూర్తయ్యేదాకా ఈ సరదా మానుకోమని మీరే చెప్పాలి" అన్నది. సరేనన్నాను. దానికి తల్లిగా ఉన్న భయం కంటే నాకున్న భయం పాతది.

భాషాప్రవీణలో చేరిన తొలి సంవత్సరం. 1978 జనవరి 1 రాత్రి బొంబాయి శాంతాక్రజ్ నుంచి దుబాయికి బయలుదేరిన ఎయిర్ ఇండియా 747 విమానం, 'ఎంపరర్ అశోక', నేల విడిచిన రెండు నిమిషాల లోపే బాంద్రా తీరానికి కొద్ది దూరంలో సముద్రంలో కూలింది. 213 మందిలో ఒక్కరూ మిగలలేదు. మరునాడు వసతిగృహం రేడియో చుట్టూ మూగి విన్నాము. కారణం చాలాకాలం తర్వాత చదివాను. విమానం ఏ పక్కకు ఎంత వాలిందో చూపే పరికరం కెప్టెన్ ముందున్నది చెడిపోయి, విమానం సమంగా ఉన్నప్పటికీ కుడికి ఒరిగినట్లే చూపుతూ ఉండిపోయింది. ఆయన సరిచేస్తున్నానని ఎడమకు తిప్పాడు. చీకటి, కింద సముద్రం, కంటికి ఆనడానికి దీపమైనా లేదు. ఒక ముల్లు తప్పు చెబితే ఇంతమంది పోతారా అన్న ప్రశ్న నాలో అలాగే ఉండిపోయింది.

కనుక హితబోధకు మంచి ముహూర్తం కోసం చూస్తున్నాను. ఇంతలో ఆ పిల్లే ఒక సాయంత్రం ఆరు గుండ్రని గడియారాల బొమ్మ ఉన్న కాగితాన్ని ఫ్రిజ్‌కు అంటించి, "తాతయ్యా, కూర్చో. నీకు పాఠం చెప్పాలి. తెలియనివాళ్లకు చెప్పగలిగితేనే నాకు వచ్చినట్టు, అని మా ఇన్‌స్ట్రక్టర్ అంది" అన్నది. ఆ ఇన్‌స్ట్రక్టరు ఎవరో గాని నా గోత్రమే అనుకున్నాను. కూర్చున్నాను.

మొదటి గడియారం వేగానిది. దానికి మూలమైన గొట్టం పేరు పీటో గొట్టం. ఆంరీ పీటో అనే ఫ్రెంచి ఇంజనీరు 1732లో సేన్ నది వేగం కొలవడానికి దీనిని కల్పించాడట. గోదావరి ఒడ్డున పుట్టినవాడికి ఇది తేలికగా బోధపడింది. అడుగున వంచిన గాజుగొట్టం మూతిని ప్రవాహానికి ఎదురుగా పెడితే నీరు గొట్టంలోకి ఎగదన్నుతుంది. వడి రెట్టింపయితే నీరు నాలుగురెట్లు ఎక్కుతుంది. విమానంలో నీటికి బదులు గాలి, అంతే. రెక్క కింది గొట్టంలోకి ఎదురుగాలి దూరి పీడనం కలిగిస్తుంది. ఎదురుగాలి తాకని చోట, విమానం పక్కభాగాన చిన్న రంధ్రం మరొకటి ఉంటుంది. అది కదలని గాలి పీడనాన్ని తెస్తుంది. మొదటిదానిలోంచి రెండోది తీసివేస్తే మిగిలినదే ముల్లును తిప్పుతుంది.

"అయితే ఇది వేగం కొలవడం లేదు కదమ్మా, తోపు కొలుస్తున్నది" అన్నాను.

"అవును తాతయ్యా. పైకి వెళ్తే గాలి పలచన కాబట్టి ముల్లు అసలు వేగం కన్నా తక్కువ చూపిస్తుంది. వెయ్యి అడుగులకు సుమారు రెండు శాతం."

"మరి అది తప్పు కాదా?"

కాదట. ఇక్కడే నాకు మొదటిసారి ముచ్చట వేసింది. విమానాన్ని మోసే రెక్క కూడా గాలి తోపునే ఎరుగును గాని అసలు వేగాన్ని ఎరుగదు. రెక్క పట్టు తప్పే క్షణం సముద్రమట్టాన ఏ అంకె దగ్గర వస్తుందో, అదే బరువుతో అలాగే ఎగురుతుంటే ఎనిమిదివేల అడుగుల మీద కూడా రమారమి అదే అంకె దగ్గర వస్తుంది. రెక్కదీ ముల్లుదీ ఒకటే భాష.

ఆలంకారికులు చెప్పే లక్షణ గుర్తుకు వచ్చింది. గంగలో గొల్లపల్లె అంటే ప్రవాహంలో పల్లె ఉండదు కనుక ఒడ్డున అని అర్థం చేసుకుంటాము. ఈ ముల్లు చెప్పేది పీడనాల తేడా, మనము గ్రహించేది వేగము. వాచ్యార్థాన్ని మరచినవాడికి లక్ష్యార్థం ఎప్పుడు చెడుతుందో తెలియదు.

అది చెడిన సందర్భం కూడా ఆ పిల్లే చెప్పింది. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లోని ప్వేర్తో ప్లాతా నుంచి లేచిన బిర్జెనైర్ 757. కొన్నాళ్లు నేల మీద ఆగి ఉన్న విమానం. పీటో గొట్టాలలో ఒకటి మూసుకుపోయింది, మట్టిగూడు కట్టే కందిరీగల పని అయి ఉంటుందని అనుమానించారు. మూసుకున్న గొట్టంలోని గాలి అలాగే బిగిసి ఉంది. విమానం ఎక్కుతున్నకొద్దీ బయటి పీడనం తగ్గింది. తేడా పెరిగింది. ముల్లు వేగం హెచ్చుతున్నదని చూపింది. నిజానికి వేగం పడిపోతున్నది. 189 మంది. ఆ ముల్లు అబద్ధమాడలేదు. తనకు తెలిసిన ఒక్క మాటనూ, పీడనాల తేడానూ, చివరిదాకా నిజాయితీగానే చెప్పింది. దాని పేరు వేగమాపకం అని పెట్టినది మనము.

రెండోది ఎత్తు చూపేది, ఆల్టీమీటరు. గాలి తీసి మూసిన పలుచని రేకుడబ్బీలు లోపల ఉంటాయి. పైకి పోతే చుట్టూ పీడనం తగ్గి డబ్బీ ఉబ్బుతుంది, ముల్లు తిరుగుతుంది. ఇది వినగానే నాలోని కోనసీమవాడు లేచాడు. అల్పపీడనం అనే మాట మాకు అక్షరాభ్యాసంతో పాటు వస్తుంది. అడిగాను: "అమ్మా, విమానం ఎత్తు మారకుండానే వాయుగుండం వల్ల పీడనం పడిపోతే?"

దాని మొహం వికసించింది. "ఎత్తు ఎక్కువ చూపిస్తుంది! పాదరసం అరంగుళం తగ్గితే అయిదువందల అడుగులు. ఉన్నామనుకున్న చోటికి అయిదువందల అడుగుల కింద ఉంటాం." అందుకే ఆ గడియారానికి ఒక చిన్న మర ఉంటుంది. ఆనాటి, ఆ చోటి పీడనాన్ని రేడియోలో అడిగి దానితో సరిచేసుకోవాలి. ప్రామాణికమైన అంకె 29.92 అంగుళాలు. గాలి బరువైన చోటి నుంచి తేలికైన చోటికి పోతూ మర తిప్పడం మరచినవాడికి కొండ ఎదురవుతుంది.

మూడోది ఎక్కుతున్న, దిగుతున్న వడిని చూపేది. ఇదీ డబ్బీయే. పీడనం సన్నని దారిగుండా నెమ్మదిగా సర్దుకుంటుంది గనుక కొన్ని క్షణాలు ఆలస్యంగా మాట్లాడుతుంది. దాని సంగతి ఇంతకంటె అడగలేదు, కాఫీ వచ్చింది.

తక్కిన మూడింటికీ బొంగరమే ఆధారం. జోరుగా తిరిగే బొంగరం తన ఇరుసు దిశను విడవదు. విమానం చుట్టూ ఎటు ఒరిగినా లోపలి బొంగరం నిలిచే ఉంటుంది. దానికి తగిలించిన గీతే కృత్రిమమైన దిగంతరేఖ. దిక్కు చూపే గడియారంలోనూ బొంగరమే, అయితే అది మెల్లగా తప్పుకుంటుంది. పావుగంటకొకసారి అయస్కాంత దిక్సూచిని చూసి దిద్దాలి. మూడోదానిలో బొంగరానికి మరో స్వభావం పనిచేస్తుంది. ఒక వైపు నెడితే, తొంభై డిగ్రీల అవతలి దిశలో వాలుతుంది. దానితో మలుపు తెలుస్తుంది.

ఇవన్నీ ఎందుకు, ఒంటికి తెలియదా అని అడగబోయి ఆగాను. ఎందుకంటే ఒంటి సంగతి నాకు బాగా తెలుసు. మూడేళ్ల కిందట ఒక తెల్లవారుజామున పక్క మీద ఇటు తిరిగానో లేదో, దూలాలు గిర్రున తిరిగాయి. మంచం పట్టీ పట్టుకొని, పడిపోతున్నానని కేకవేశాను. మా ఆవిడ వచ్చి చూస్తే నేను కదలకుండా పడుకొని ఉన్నాను. చెవిలోపలి సన్నని రేణువులు తావు తప్పి లోపలి గొట్టాలలో పడ్డాయని డాక్టరు తర్వాత చెప్పాడు. ఆ ఉదయం కళ్లు మూస్తే మరీ భయంకరంగా ఉండేది. ఎదురుగోడ మీది మేకునే చూస్తూ గడిపాను.

ఆ గొట్టాలనే మనవరాలు కాగితం మీద గీసింది. మూడు అర్ధచంద్రాకార నాళాలు, వాటిలో ద్రవం. మలుపు మొదలయినప్పుడు ద్రవం వెనుకబడుతుంది, తిరుగుతున్నామని తెలుస్తుంది. అదే మలుపు నిలకడగా సాగితే పది ఇరవై సెకన్లలో ద్రవం కూడా తోడుగా తిరుగుతుంది, ఇక మలుపు లేనట్టే ఉంటుంది. సరిచేసినప్పుడు రెండో వైపు తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. మేఘంలో చిక్కిన పైలట్లు ఒంటిని నమ్మి పోయేది ఇందువల్లనే. 1929 సెప్టెంబరు 24న జిమ్మీ డూలిటిల్ కప్పు మూసిన కాక్‌పిట్‌లో కూర్చుని, పరికరాలను మాత్రమే చూసి లేచి, తిరిగి, దిగి చూపేదాకా అది సాధ్యమని లోకానికి నమ్మకం లేదు. ఇప్పుడు అమెరికాలో ప్రైవేటు లైసెన్సుకు కూడా బయటి దృశ్యం కనబడకుండా చేసి మూడు గంటల శిక్షణ ఇవ్వాలి. మా పిల్ల అందులో ఒక గంట చేసింది.

"ఒళ్లంతా కుడికి తిరుగుతున్నామంటుంది తాతయ్యా. ముల్లు కాదంటుంది. ముల్లు మాట వినడానికి చెమటలు పట్టాయి."

అప్పుడడిగాను, నలభై ఏడేళ్లుగా నాలో ఉన్న ప్రశ్న. "ఆ ముల్లే తప్పయితే?"

"ఒక్కదాన్నే నమ్మం. అది కుడికి ఒరిగామంటే దిక్కు కూడా మారుతూ ఉండాలి కదా. దిక్కు చూపేది కదలకపోతే మొదటిది అబద్ధం."

"ఈ రెండు బొంగరాలనూ తిప్పేదెవరు?"

"మా విమానంలో అయితే ఇంజన్‌కు తగిలించిన గాలిపంపు. అది లోపలి గాలిని లాగుతుంది, ఆ ఊపుకు రెండూ..." అని ఆగిపోయింది.

మేము తాళపత్రాలు పరిష్కరించే పద్ధతి చదువుకున్నాము. అయిదు ప్రతులలో ఒకే పాఠం కనబడినంత మాత్రాన అయిదుగురు సాక్షులు కారు. నాలుగు ప్రతులు ఒకే మాతృకను చూసి రాసినవైతే నాలుగూ కలిసి ఒకటే సాక్ష్యం. ఆ మాతృకలో తప్పుంటే నాలుగూ ఏకకంఠంతో తప్పు చెబుతాయి. ఆ మాటే చెప్పాను. పంపు ఆగితే బొంగరాలు ఒక్కసారిగా పడవు, నెమ్మదిగా నీరసించి వాలుతాయి, రెండూ నమ్మదగ్గట్టుగానే కనబడతాయి.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కలం తీసి ఆ ఆరు గడియారాల చుట్టూ గీతలు గీసింది. ఈ రెండూ పంపువి. మలుపు చూపేది విద్యుత్తుతో తిరిగేది, వేరు. అయస్కాంత దిక్సూచి ఎవరి మీదా ఆధారపడనిది, వేరు. వేగం, ఎత్తు, ఎక్కుడు మూడూ పక్క రంధ్రాన్ని పంచుకుంటాయి గనుక ఆ రంధ్రం మూసుకుంటే మూడూ చెడతాయి. "ఆరు కాదు తాతయ్యా, సాక్షులు తక్కువే" అన్నది. ఆ కాగితం తన పుస్తకంలో పెట్టుకుంది.

ఆ రాత్రి మా అమ్మాయి "చెప్పారా?" అని అడిగింది. పాఠం చెప్పించుకున్నానని, వద్దని చెప్పలేదని, చెప్పబోనని అన్నాను. భయం పోలేదు, పోయిందని అంటే అబద్ధం. కాని తనకు తెలియనిది ఎక్కడుందో చూపిస్తే మొహం చాటు చేయకుండా కలం తీసే పిల్లను నా భయంతో ఆపే అధికారం నాకు లేదనిపించింది. మా అమ్మాయి రెండు రోజులు నాతో ముక్తసరిగానే మాట్లాడింది. దాని తప్పు లేదు.

మూడు వారాల తర్వాత ఒక శనివారం పొద్దున మనవరాలు మొదటిసారి ఒంటరిగా ఎగిరింది. మేము కంచె ఇవతల నిలబడ్డాము. ఎక్కేముందు విమానం చుట్టూ తిరిగింది. రెక్క కింద వంగి ఎర్రగుడ్డ తొడుగు తీసి గొట్టం మూతిలోకి చూసింది, పక్క రంధ్రం దగ్గర ఆగింది. మూడుసార్లు లేచి మూడుసార్లు దిగింది. మా అమ్మాయి అంతసేపూ నా చేయి పట్టుకొనే ఉంది, వేళ్ల గుర్తులు పడ్డాయి. దిగాక ఇన్‌స్ట్రక్టరు కత్తెర తెచ్చి పిల్ల చొక్కా వెనుకభాగం కత్తిరించింది. అది వాళ్ల ఆచారమట. మా ఆవిడ మాత్రం మంచిరోజున కొత్తబట్ట కత్తిరించడమేమిటని ఇంటికి వచ్చేదాకా సణుగుతూనే ఉంది.