అడుగున నడిచే స్వరం

ఇంట్లో ఇయర్‌ఫోన్స్ ఉంటే ముందు అవి తెచ్చుకోండి, కబుర్లు ఆ తర్వాత. తెచ్చారా? ‘గీతాంజలి’ (1989) పాటల్లో మీకిష్టమైనది పెట్టండి. పాడేవారి గొంతును కాసేపు పక్కన పెట్టండి, వయొలిన్లనూ పోనివ్వండి. బాగా అడుగున వినండి. అక్కడ గుండ్రంగా, మెత్తగా ఒక నాదం నడుస్తూ ఉంటుంది. అదే బేస్ గిటార్. ఫోన్ స్పీకర్‌లో అది సరిగా వినపడదు. బేస్ మీద అన్నిటికన్నా లావు తీగ సెకనుకు 41 సార్లే కంపిస్తుంది. అంత లోతైన నాదాన్ని పలికించడం ఆ చిన్న స్పీకర్ వల్ల కాదు. అందుకే ఇయర్‌ఫోన్స్ తెమ్మన్నాను.

మూడేళ్ల కిందట నేను బేస్ మొదలుపెట్టినప్పుడు ఇంటికొచ్చిన వాళ్లంతా ఒకటే అడిగారు: “దీని మీద పాట వాయిస్తారా?” వాయించవచ్చు గానీ దాని అసలు పని అది కాదు. పాటకు కింద నేల పరచడం దాని పని. శ్రుతి తల్లి, లయ తండ్రి అంటారు కదా మన పెద్దలు. ఆ ఇద్దరూ కాపురముండే ఇల్లు బేస్ అని నా నమ్మకం. ఒక చెయ్యి గాయకుడికి ఆధార స్వరం అందిస్తుంది, రెండో చెయ్యి డ్రమ్స్‌తో కలిసి కాలాన్ని పట్టుకుంటుంది.

ఇదేమంత పాత వాయిద్యం కాదండీ. 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ అనే ఆయన దీన్ని జనంలోకి తెచ్చాడు. రేడియోలు బాగుచేసే దుకాణంతో మొదలైన మనిషి, ఆయనకు గిటార్ వాయించడం రాదు. అప్పటిదాకా బ్యాండ్లలో మనిషెత్తు డబుల్ బేస్ ఉండేది. దాన్ని మోసుకు తిరగడం ఒక ప్రయాస, మిగతా వాయిద్యాల హోరులో అది వినపడకపోవడం ఇంకొకటి. పైగా దానికి మెట్లుండవు, వేలు వెంట్రుకవాసి జరిగితే అపస్వరమే. ఫెండర్ దాన్ని భుజాన తగిలించుకునేలా కుదించి, కరెంటుతో మోగించి, వీణకున్నట్టు మెట్లు పెట్టాడు. స్వరం కచ్చితంగా పలుకుతుంది కాబట్టి ‘ప్రెసిషన్ బేస్’ అని పేరు పెట్టాడు.

థియరీ అనగానే భయపడకండి. సరిగమలు తెలిసిన ఇంట్లో సగం థియరీ ఉన్నట్టే. పాశ్చాత్య సంగీతపు మేజర్ స్కేల్‌లో ఉన్నవి మన శంకరాభరణం స్వరాలు. నేచురల్ మైనర్‌లో ఉన్నవి నఠభైరవి స్వరాలు. గమకాలు, రాగభావం వేరే సంగతి, స్వరస్థానాలు మాత్రం అవే. బేస్‌కు నాలుగు తీగలు: ఇ, ఎ, డి, జి. లావుగా ఉండే ఇ, ఎ తీగల్లో దేని మీద ఎక్కడ నొక్కి దాన్ని ‘స’ అనుకున్నా, పక్కనున్న సన్న తీగ మీద అదే మెట్టు దగ్గర ‘మ’ దొరుకుతుంది. ఇంకో రెండు మెట్లు పైకి జరిగితే ‘ప’. దాని పక్కన ఇంకా సన్నగా ఉన్న తీగ మీద అదే మెట్టు దగ్గర తారస్థాయి ‘స’. ఈ మూడు చోట్లూ వేళ్లకు అలవాటైతే సగం సినిమా పాటలకు తోడు వెళ్లొచ్చు.

ఇక్కడే నన్ను కట్టిపడేసిన విషయం ఒకటుంది. మన తంబురా కచేరీ అంతా ఒక్క షడ్జమాన్ని పట్టుకుని ధ్వజస్తంభంలా నిలబడుతుంది. బేస్ అలా నిలబడదు, కార్డ్, అంటే కలిసి మోగే స్వరాల గుంపు, మారిన ప్రతిసారీ తానూ నడుస్తుంది. అది నడిస్తే ఏమవుతుందో మా ఇంట్లో చూశాను. మా అమ్మాయి కీబోర్డు మీద సి, ఇ అనే రెండు స్వరాలు నొక్కి పట్టుకుంది. నేను కింద సి వాయించాను. స, అంతర గాంధారం, హాయిగా తెల్లారినట్టుంది. తన వేళ్లు కదపొద్దని చెప్పి నేను ఎ కు దిగాను. గదిలో దిగులు కమ్మింది! పైన ఒక్క స్వరమైనా మారలేదు. కానీ ఎ ను ‘స’ అనుకుంటే ఆ సి సాధారణ గాంధారమైంది, ఇ పంచమమైంది. మేజర్ కాస్తా మైనర్ అయిపోయింది. “నాన్నా, మళ్లీ చెయ్యి” అని పదిసార్లు చేయించుకుంది.

సరే, స్వరం తెలిసింది. మరి గ్రూవ్, అంటే తల ఊగించే ఆ లయ నడక? నాకు నేర్పిన మాస్టారు, టిక్కు టిక్కుమని కాలం కొలిచే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టి, వారం రోజులు ఒక్క స్వరమే వాయించమన్నారు. తర్వాత ఎడమచేతి వేలు చూపించి, “వేలు తీగ మీదే ఉంచండి, నొక్కు మాత్రం వదలండి” అన్నారు. అంతే, నాదం ఠక్కున ఆగింది. స్వరం ఎక్కడ మొదలవాలో తెలిస్తే తాళం నిలుస్తుంది, ఎక్కడ ఆగాలో తెలిస్తే కాలు ఆడుతుంది.

మీరూ చేసి చూడండి. ‘తకధిమి తకజొణు’ అని నోటితో అనండి, ఎనిమిది అక్షరాలు. మొదటి ‘త’ మీద స వాయించి, ‘క’ అయ్యేదాకా మోగనిచ్చి ఆపండి. ‘ధి’ మీద నిశ్శబ్దం. ‘మి’ మీద పొట్టిగా మళ్లీ స. రెండో ‘త’ మీద ప, ‘క’ దాకా ఉంచండి. ‘జొ’ మీద నిశ్శబ్దం. ‘ణు’ మీద తారస్థాయి స. ఆ రెండు నిశ్శబ్దాల దగ్గరా స్నేర్ డ్రమ్ దెబ్బ పడుతుంది, ఆ చోటు దానిదే. త్వరపడకండి, ఇరవై సార్లు తిప్పండి. పక్కన కూర్చున్నవాళ్ల తల ఊగితే మీకు గ్రూవ్ చిక్కినట్టే.

ఈ విద్యలో గురుస్థానం జేమ్స్ జేమర్సన్‌ది. 1960లలో డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ స్టూడియోలో, కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే తీగలు మీటి, లోకమంతా చిందులేసిన పాటలకు నేల పరిచాడు. ఆ రికార్డుల మీద వాద్యకారుల పేర్లు వేసేవారు కాదు. 1971లో మార్విన్ గే ఆల్బమ్ ‘వాట్స్ గోయింగ్ ఆన్’ మీద గానీ జేమర్సన్ పేరు కనపడలేదు. మన దగ్గర మాత్రం తక్కువా? ఇళయరాజా పాటల్లో బేస్ వాయించిన శశిధరన్ పేరు, రెహమాన్ పాటల్లో వాయించిన కీత్ పీటర్స్ పేరు ఎంతమంది అభిమానులకు తెలుసు చెప్పండి? ఆ పాటలు మనకు నోటికొచ్చు, వాటి కింద నేల పరిచినవాళ్ల పేర్లు రావు.

బేస్ కొనమని అందరికీ చెప్పను. కొంటే మాత్రం రోజుకు పావుగంట చాలు, నెమ్మదిగా, మెట్రోనోమ్‌తో. కొనకపోయినా ఈ రాత్రి ఒక పని చేయండి. చిన్నప్పటి నుంచి మీకు కంఠతా వచ్చిన పాట ఒకటి పెట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా బేస్‌నొక్కదాన్నే వినండి. తర్వాత ఆ వాయించినవారి పేరు వెతికి, ఇంట్లోవాళ్లకు చెప్పండి.