అభిమాని, గాయకుడు, కూలివాడు

'రాక్ స్టార్' అనే అమెరికన్ చిత్రం 2001 సెప్టెంబరులో విడుదలయింది. దర్శకుడు స్టీఫెన్ హెరెక్, కథానాయకుడు మార్క్ వాల్‌బర్గ్. ఐదున్నర కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి తీసిన ఈ చిత్రం అందులో సగం కూడా రాబట్టలేకపోయింది. డబ్బు రాలేదు గనుక చెడ్డ చిత్రమని నేను అనను. డబ్బు రాని మంచి చిత్రాలు మనం చాలానే చూశాం. నన్ను నిరాశపరచినది వేరు. అభిమాని ఒకడు తాను ఆరాధించే బృందానికే గాయకుడయ్యే ఈ కథలో ఒక గొప్ప సత్యం ఉంది. నిర్మాతలు మనల్ని ఆ సత్యం గుమ్మందాకా నడిపించి, తలుపు తీయకుండానే వెనక్కి తిప్పేశారు.

కథ జరిగేది 1980ల నడుమ, పిట్స్‌బర్గ్ నగరంలో. క్రిస్ కోల్ పగలు జిరాక్స్ మెషీన్లు బాగుచేస్తాడు. రాత్రి తన చిన్న బృందంతో 'స్టీల్ డ్రాగన్' అనే ప్రసిద్ధ హెవీ మెటల్ బృందం పాటల్నే పాడతాడు. ఒక్క స్వరం తేడా వచ్చినా సహించడు. ఆ పట్టుదల భరించలేక తోటివాళ్ళే అతన్ని వెళ్ళగొడతారు. అంతలో స్టీల్ డ్రాగన్ తన పాత గాయకుణ్ణి తొలగించి, ఈ కుర్రవాడికి కబురు పెడుతుంది. మొదటి కచేరీలో మెట్లమీదినుంచి పడి, నెత్తురు కారుతున్నా లేచి పాడతాడు. ఇంతవరకూ చిత్రం నడక బాగుంది.

ఈ మొదటి భాగంలోనే ఒక వెలితి మాత్రం కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది. 1892లో కార్నెగీ కంపెనీ పింకర్టన్ కావలివాళ్ళతో హోమ్‌స్టెడ్ కార్మికులు తలపడ్డది పిట్స్‌బర్గ్ పక్కనే. ఆ హోమ్‌స్టెడ్ కర్మాగారాన్ని మూసివేసింది 1986లో, అంటే సరిగ్గా ఈ కథ జరిగే కాలానికి. ఊళ్ళో కొలుములు ఆరిపోతూ ఉంటే వేదికమీద 'స్టీల్' అన్న పేరు వెలుగుతూ ఉంటుంది! ఈ వైరుధ్యంలోనే ఒక మహాచిత్రం ఉంది. మన చిత్రంలో స్టీలు కేవలం పేరు, తోలు జాకెట్టు, ఇనప గుబ్బల అలంకారం.

చిత్రానికి ప్రేరణ అయిన యథార్థ గాథలో ఈ లోహపు వాసన ఇంకా గాఢంగా ఉంది. జూడాస్ ప్రీస్ట్ అనే ఇంగ్లీషు బృందం బర్మింగ్‌హామ్ పరిసరాల కర్మాగారాల సీమలో పుట్టింది. బ్రిటన్ ఉక్కు కార్మికులు 1980 జనవరినుంచి మూడు నెలలు సమ్మె చేశారు. సమ్మె ముగిసిన ఏప్రిల్‌లోనే ఈ బృందం 'బ్రిటిష్ స్టీల్' అనే ఆల్బమ్ విడుదల చేసింది. రబ్బరు కర్మాగారాల ఊరైన ఏక్రన్‌లో పెరిగిన టిమ్ ఓవెన్స్ వాళ్ళ పాటల్ని అనుకరించే బృందంలో పాడేవాడు. ఆ బృందం పేరూ 'బ్రిటిష్ స్టీలే'. అతని పాట వీడియో టేపులో చూసి 1996లో జూడాస్ ప్రీస్ట్ అతన్ని తమ గాయకుడిగా తీసుకుంది. ఇనుముతో బతికిన ఒక ఊరి అరుపు సముద్రం దాటి, రబ్బరుతో బతికిన మరో ఊరి కుర్రవాడి గొంతులో పలికిందన్నమాట. దాన్ని వట్టి పిచ్చి అభిమానమని కొట్టిపారేయడం తగదు.

మన అభ్యుదయవాదుల్లో కూడా అభిమాని అనగానే పెదవి విరిచేవారున్నారు. నాకది నచ్చదు. చిన్నప్పుడు మా ఊరి తిరునాళ్ళలో ఆర్కెస్ట్రాతో ఘంటసాల పాటలు పాడడానికి ఒకాయన వచ్చేవాడు. ఎక్కడ ఊపిరి తీయాలో, ఏ అక్షరాన్ని ఎంత ఒత్తాలో విని విని పట్టుకున్న విద్య అది. ఏ సంగీత కళాశాలా నేర్పలేదు. తెల్లవారేసరికి ఆర్కెస్ట్రా యజమాని చేతిలో పెట్టింది పుచ్చుకుని బస్సెక్కేవాడు. అనుకరణ అనేది పేదవాడి గురుకులం. ఏకలవ్యుడు బొమ్మను ఎదుట పెట్టుకుని నేర్చిన విద్య తక్కువది కాదు. గురుదక్షిణ పేరుతో బొటనవేలు అడగడంలోనే అన్యాయమంతా ఉంది.

బొటనవేలు అడిగే ఘట్టం ఈ చిత్రంలోనూ ఉంది. క్రిస్ తాను కట్టుకున్న పాటలు బృందం ముందు పెడతాడు. అవి అక్కర్లేదంటారు. అభిమానులు ఎదురుచూసే స్టీల్ డ్రాగన్ బాణీలో పాడటమే అతని పని అని తేలిపోతుంది. పాట వాళ్ళది, పేరు వాళ్ళది, గొంతు మాత్రం ఇతనిది. ఆ గొంతు కూడా పాతవాడి గొంతులా పలికినంతకాలమే వాళ్ళకు కావాలి. ఆరాధకుడు భాగస్వామి కాలేదు, కూలివాడయ్యాడు. చిత్రం ఇక్కడ నిలిచి ఉంటే ఎంత బాగుండేది!

కాని నిర్మాతలు దీన్ని నీతికథగా మార్చేశారు. తాగుడు, విలాసాలు, దూరమైన ప్రియురాలు, చివరికి పశ్చాత్తాపం. సమస్యకు మూలం ఒప్పందంలో ఉంటే, చికిత్స అతని గుణంలో వెతికారు. 'నీవు నీవుగా ఉండు' అన్నది వాళ్ళ ఉపదేశం. ఆఖరి కచేరీలో క్రిస్ తనతో గొంతు కలిపిన ఒక అభిమానిని వేదికమీదికి లాగి, మైకు అతని చేతికిచ్చి వెళ్ళిపోతాడు. తర్వాత సియాటిల్‌లో ఒక చిన్న కాఫీ హోటల్లో తన సొంత పాట పాడుకుంటాడు. ప్రేక్షకులు సంతోషంగా ఇంటికి పోవచ్చు.

మరి మైకు అందుకున్న కుర్రవాడి మాటేమిటి? చిత్రానికి ఆ చింత లేదు. ఒకడు బయటికి నడిచిన క్షణంలోనే ఖాళీ భర్తీ అయిపోయింది. కచేరీ ఒక్క నిమిషం ఆగలేదు. మార్క్స్ చెప్పిన నిరుద్యోగ సైన్యం అంటే ఏమిటో ఇంతకంటే స్పష్టంగా తెరమీద చూపడం కష్టం. అయితే నిర్మాతలు దాన్ని స్వేచ్ఛాగీతమనుకుని చూపించారు. తన బంధం తెంచుకున్నవాడు అదే బంధాన్ని పక్కవాడి చేతికి తగిలించి పోవడం విముక్తి ఎలా అవుతుంది?

ఇంకొక విడ్డూరం చూడండి. సొంత గొంతు కోసం వెతుక్కునే ఈ కథానాయకుడు స్టీల్ డ్రాగన్‌తో పాడే పాటలకు గొంతు వాల్‌బర్గ్‌ది కాదు. అది స్టీల్‌హార్ట్ బృందం గాయకుడు మిల్యెంకో మాతియెవిచ్‌ది. నేపథ్య గానం మనకు కొత్త కాదు, అందులో తప్పూ లేదు. కాని ఈ మనిషి 1992లో డెన్వర్ కచేరీలో దీపాల ఇనప చట్రం మీద పడి తీవ్రంగా గాయపడ్డాడు. కథానాయకుడి నెత్తిన కారిన రంగు నెత్తురును మనకు దగ్గరగా చూపించారు. పాట పాడిన అసలు గాయకుడి నెత్తురు కథకు బయటనే మిగిలిపోయింది. ఆఖరున మైకు అందుకున్న కుర్రవాడి వేషం వేసిన మైల్స్ కెన్నెడీ మాత్రం తన గొంతుతోనే పాడాడు. అతనికి దొరికింది ఒకటి రెండు నిమిషాలు!

యథార్థ జీవితం ఈ నీతిని ఒప్పుకోదు. 1997లో వచ్చిన 'జగులేటర్' ఆల్బమ్‌లో ఓవెన్స్ పాడిన పాటలన్నీ డౌనింగ్, టిప్టన్ అనే ఇద్దరు గిటారు వాద్యకారుల రచనలుగానే నమోదయ్యాయి. 2001లో మరో ఆల్బమ్ పాడాడు. 2003లో పాత గాయకుడు రాబ్ హాల్ఫర్డ్ తిరిగి వచ్చాడు, ఓవెన్స్ తప్పుకోవలసి వచ్చింది. అయినా అతను కాఫీ హోటల్ చేరలేదు, ఇతర బృందాలతో అదే హెవీ మెటల్ పాడుతూ వచ్చాడు. డౌనింగ్ జూడాస్ ప్రీస్ట్‌ను వదిలిన తర్వాత 2020లో పెట్టిన కొత్త బృందానికి గాయకుడు ఈ ఓవెన్సే. నేర్చుకున్న విద్యను అతను సిగ్గుపడి వదులుకోలేదు. అదే అతని సొంత గొంతయింది.

మన విద్యార్థుల్లో పాడేవాళ్ళు, నటించేవాళ్ళు, రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. రేపు వాళ్ళు కూడా ఎవరో ఒకరి పేరుకింద, ఎవరో ఒకరి బాణీలో పనిచేయవలసినవాళ్ళే. 'నీవు నీవుగా ఉండు' అనే మాట వాళ్ళకు అన్నం పెట్టదు. ఈ పాట ఎవరిది, ఈ పేరుమీద వచ్చే రాబడి ఎవరిది, నన్ను తీసేస్తే నా స్థానంలోకి వచ్చేవాడికీ నాకూ సంబంధమేమిటి అని అడగడం వాళ్ళు నేర్చుకోవాలి. క్రిస్ కోల్ మైకు చేతికిచ్చేముందు ఆ కుర్రవాడితో ఒక్క మాట చెప్పి ఉండవలసింది. ఆ ఒక్క మాటా రాయని చిత్రం, ఎంత హోరుగా పాడినా, నా చెవికి మూగగానే ఉంది.